అనూరాధ గీసిన నీళ్ల ట్యాంకు

నాకు విశాఖపట్నం, గోపాలపట్నంలో ఫ్లెక్సీల షాపు ఉంది. నా పేరు గంగాధరరావు. మా నాన్న స్టీలు ప్లాంటులో ఉద్యోగం వచ్చి గోదావరి వైపు నుంచి ఇక్కడికి చేరాడు. నేను ప్లాంటులో చేరలేదు గానీ, అక్కడ రిటైరయ్యేవాళ్ల నవ్వుమొహాలు చాలావరకు నా మిషన్లోంచే బయటికి వస్తాయి. అనూరాధ నా దగ్గరే డిజైనింగ్ చేసేది. ఇప్పుడు మానేసింది. అంత పనిమంతురాలు పోయినందుకు నాకు కోపం రావాలి. రావడం లేదు. హమ్మయ్య అనిపిస్తోంది. ఆ హమ్మయ్య సంగతే చెబుతాను.

అనూరాధది జాలారిపేట. తండ్రి ఎల్లాజీ వేటకు వెళ్తాడు, అంటే సముద్రం మీద చేపల వేట. తల్లి పోతమ్మ ఆ చేపల్ని గంపకెత్తుకుని వీధుల్లో అమ్ముతుంది. వాళ్ల పేటలో పని రెండు వాటాలు. చేప నీళ్లలో ఉన్నంతసేపూ మగవాళ్లది, ఒడ్డున పడ్డాక ఆడవాళ్లది. ఆడమనిషి బోటెక్కి వేటకు పోవడమనేది లేదు. అందుచేత సముద్రం పక్కనే పుట్టి పెరిగిన ఈ పిల్ల సముద్రం మీదికి ఒక్కసారి కూడా వెళ్లలేదు. మీరు ఈ ముక్క మరిచిపోవద్దు, తరవాత వచ్చిన తంటా అంతా దీంతోనే.

డిగ్రీ అయ్యాక కంప్యూటరు నేర్చుకుని, రెండు బస్సులు మారి నా షాపుకు వచ్చేది. ఫ్లెక్సీ పని చూడ్డానికి తేలిక. పుట్టినరోజు నాయకుడి తల పెద్దది, ఆయన పైనున్న నాయకుడి తల ఇంకా పెద్దది, కింద వరసగా శుభాకాంక్షలు చెప్పేవాళ్ల తలలు. అందులో ఒకడి తల పక్కవాడి తలకన్నా వెంట్రుకవాసి తగ్గితే సాయంత్రానికి షాపు ముందు గొడవ. ఒకాయన ఏకంగా స్కేలు పట్టుకొచ్చాడు.

"ఏటి బావా, నా తలకాయ ఆడి తలకాయ కన్నా సిన్నదైపోనాది. నాను ఊర్లో తిరగాలా వద్దా?" అని నన్ను నిలదీశాడు.

అనూరాధ నవ్వు ఆపుకుని, మౌసు పట్టుకుని ఆయన తల పెంచింది. ఆయన వెళ్లిపోయాక, ఫ్లెక్సీలో సైజంటే కొలత కాదమ్మా, గౌరవం అని నేను చెప్పాను. తరవాత జరిగినదాంట్లో నా మాటకి వాటా ఉందని నా నమ్మకం. మా ఆవిడ కాంతం మాత్రం ఒప్పుకోదు. నేను దేంట్లో వాటా అడిగినా ఒప్పుకోదు.

షాపులో పని లేనప్పుడు అనూరాధ తన బొమ్మలు తను గీసుకునేది. ఏమిటవి అంటే కాన్సెప్ట్ ఆర్ట్ అంది. సినిమావాళ్లు, గేములవాళ్లు ఒక కొత్త లోకాన్ని తయారుచేసే ముందు, అక్కడ ఇళ్లెలా ఉంటాయి, కొండలెలా ఉంటాయి, మనుషులు ఏం కట్టుకుంటారు అని ముందుగా బొమ్మ గీసి చూపించాలట. ఆ పనికి జీతాలిస్తారట. ఈమెకి నేర్పినవాళ్లు ఎవరూ లేరు. ఫోన్లో వీడియోలు చూడ్డం, పెద్ద పెద్ద ఆర్టిస్టుల బొమ్మలు ముందు పెట్టుకుని గీత గీతా దించడం, అంతే. ఎవరో వాడి అమ్మేసిన డ్రాయింగ్ టాబ్లెట్, అంటే కంప్యూటరుకి తగిలించి గీసే పలక, ఒకటి కొనుక్కుంది. దాని పెన్ను గట్టిగా నొక్కితే లావు గీత, తేలిగ్గా పట్టుకుంటే సన్న గీత రావాలట. ఆ పెన్నుకి ఆ గుణం చచ్చిపోయింది. ఎలా గీసినా గీత ఒకటే లావు. దాన్ని తిట్టుకుంటూనే రెక్కల గుర్రాలూ, గాల్లో తేలే కోటలూ గీసేది. నాకైతే అద్భుతంగా ఉండేవి. మా కాంతం చూసి, "ఇవి మన చింటూ ఆడే గేములో ఉన్నాయి కదండీ" అంది. చింటూ మా అబ్బాయి. అంత ఆనందంలో ఉన్న పిల్ల మొహం వాడిపోయింది. నేను కాంతం మీద కేకలేశాను.

కానీ అదే మాట ఇంకొకరు కూడా అన్నారు. సీతమ్మధారలో పళ్ల డాక్టరు గారి క్లినిక్ పైన ఒక చిన్న గేముల కంపెనీ ఉంది. అక్కడ ఆర్టిస్టులకి పెద్ద ఆశాజ్యోతి అనే ఆవిడ. వేసవి మొదట్లో అనూరాధ తన బొమ్మలు పట్టుకుని వెళ్లింది. ఆవిడ అన్నీ ఓపిగ్గా చూసి, "చెయ్యి చాలా బాగుంది. కానీ ఇందులో నాకు తెలిసినవాళ్లు అరడజను మంది కనిపిస్తున్నారు, నువ్వే కనిపించట్లేదు" అందట. ఎక్కడా లేని ఒక రేవు పట్టణాన్ని ఊహించి గీసి పంపమంది. అది అనూరాధ తప్ప ఇంకెవరూ గీయలేనిదిగా ఉంటే, వానాకాలంలో మొదలయ్యే కొత్త గేములోకి తీసుకుంటామంది.

మర్నాడు షాపులో కూర్చుని ఏడ్చింది. ఉద్యోగం సంగతి అటుంచండి, ఆ పిల్ల భయం వేరు.

"అందరి బొమ్మలూ తీసీత్తే నాలో ఏటీ మిగల్దేమో సార్," అంది. "ఇన్నేళ్లు గీసినాను, నాది ఒక్క గీత లేదు. ఈసారి కూడా రాకపోతే ఇంక పెన్ను ముట్టుకోను."

టీ తెప్పించాను. ఆడపిల్ల ఏడుస్తుంటే నాకు టీ తప్ప ఇంకో ఉపాయం తెలీదు.

రేవు పట్టణం గీయడం మొదలుపెట్టింది. రోజూ గీసి రోజూ చెరిపేది. ఒకనాడు ఇంట్లో గీస్తుంటే ఎల్లాజీ వెనకనుంచి చూశాడట. గాల్లోంచి చూసినట్టుగా వేసిన పట్టణం అది, పైకప్పులూ, పడవలూ, దీపాలూ అన్నీ కనబడుతున్నాయి. ఎల్లాజీ చాలాసేపు వెతికి, "ఇది సూత్తన్నోడు ఏడున్నాడే?" అని అడిగాడు. ఎక్కడా లేడు, ఊరికే గాల్లో ఉన్నాడు అంది.

"గాల్లో ఉంటే ఒడ్డుకెలాగొత్తాడు?"

అంటే, ఒడ్డు బొమ్మ చూస్తే ఎల్లాజీకి తన బోటు ఎక్కడ ఆగి ఉందో తెలిసిపోవాలి. వాళ్లకి నేల అందుకే. బోటులోంచి చూస్తే కొండ మీదికి ఫలానా మేడ వచ్చి కూర్చున్నట్టు కనబడితే అడుగున రాయి ఉంది, వల వెయ్యకూడదు. ఆ మేడ కొండ దాటి పక్కకి జరిగితే చేప ఉంది. కూతురు ఎక్కడా లేని పట్టణం గీసినా సరే, ఆయన అందులో కూడా రాయి ఎక్కడుందో వెతుకుతాడు. అనూరాధ ఇది నాకు నవ్వుతూ చెప్పింది. సాయంత్రం అయ్యేసరికి నవ్వడం మానేసి ఆలోచనలో పడింది. మరునాటి నుంచి చెప్పాపెట్టకుండా షాపుకు రావడం మానేసింది.

పెళ్ళిళ్ల సీజను. ఆర్డర్లు కుప్పపడి ఉన్నాయి. ఫోన్ ఎత్తదు. కోపంతో బండేసుకుని జాలారిపేట వెళ్లాను. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు వేట ఆపించిన రోజులు కదా, బోట్లన్నీ ఇసక మీద ఉన్నాయి, మగవాళ్లు పాక కింద కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. వాళ్ల మధ్యలో ఒళ్లో అట్ట పెట్టుకుని నా డిజైనరు.

"రండి సార్, కూకోండి," అన్నాడు ఎల్లాజీ. "అమ్మాయికి సముద్రం సెప్తన్నాం."

తిట్టడానికి వెళ్లినవాణ్ని కూర్చుండిపోయాను. అనూరాధ అడుగుతోంది, వేట నుంచి వచ్చేటప్పుడు ముందుగా ఏం కనిపిస్తుంది అని. ఒకరు యారాడ కొండ అన్నారు. ఇంకొకరు కాదు, ముందు సింహాచలం కొండలు నీడలా తేలతాయి, తరవాతే యారాడ అన్నారు. ఆమె విన్నది విన్నట్టు గీస్తోంది, గీసింది వాళ్లకి చూపిస్తోంది. వాళ్లు దిద్దుతున్నారు.

"ఆ కొత్త మేడలన్నీ ఏటికే? మాకక్కర్లేదు. తీసీ."

తీసేసింది. బీచిరోడ్డులో ఉన్న అపార్ట్‌మెంట్లు మొత్తం పోయాయి. కోట్లు పెట్టి కొన్నవాళ్లు చూస్తే గుండె ఆగిపోయేది.

"మరి ట్యాంకేదే?" అన్నాడు ఎల్లాజీ.

పేట వెనక మెరక మీద పసుపురంగు నీళ్ల ట్యాంకు ఒకటుంది. ఆ ట్యాంకు గురించి వాళ్లు చెప్పినంతగా నేను నా పెళ్లి గురించి కూడా చెప్పలేను. పొగమంచులో అదే దిక్కు. ఇంజను ఆగిపోయినప్పుడు అదే దిక్కు. అది కనబడితే ఎవడూ మాట్లాడ్డట, బీడీ వెలిగించుకుంటాడట. అనూరాధ ఒక చిన్న ట్యాంకు వేస్తే, "ఇంకా," అన్నారు. పెంచింది. "ఇంకా." చివరికి కొండకన్నా పెద్ద ట్యాంకు నిలబడింది. అప్పుడు అందరూ తలూపారు.

ఆ వేసవంతా ఇదే పని. నేను బతిమాలితే మళ్లీ పనిలోకి వచ్చింది గానీ, పొద్దున్న నా షాపు, సాయంత్రం ఇసక మీద మనుషులు. వీడియోలు చూడ్డం మానేసింది. వినడం, గీయడం, చూపించడం, చెరపడం. మొదట్లో బొమ్మలు పిచ్చిగా ఉండేవి, నిజం చెప్పొద్దూ, చింటూ చిన్నప్పుడు గీసినట్టుండేవి. మెల్లిగా వాటికి ఒక పద్ధతి వచ్చింది. ఒడ్డుకి చేరడానికి పనికిరానిదేదీ బొమ్మలో లేదు. కొండలు ఒకదాని వెనక ఒకటి, ఒక్కో కొండకి ఒక్కటే రంగు. మూడు వంతులు ఖాళీ నీళ్లు. పనికొచ్చేది మాత్రం ఎంత దూరంలో ఉన్నా పెద్దది. ఇన్నాళ్లూ తిట్టుకున్న ఆ ఒకే లావు గీత వీటికి అతికినట్టు సరిపోయింది. తరవాత విశాఖపట్నం వదిలేసి, అదే పద్ధతిలో తన ఊహలోని రేవు పట్టణం కట్టింది. విరిగిన క్రేనూ, గుడ్డి దీపస్తంభమూ, ఒక గంటల మేడా, అన్నిటికన్నా పెద్దగా ఒక నీళ్ల ట్యాంకూ. ఎల్లాజీ ఆ బొమ్మ చూసి వేలు పెట్టి, "ఇక్కడ వలెయ్యకూడదు" అన్నాడు. లేని సముద్రంలో కూడా రాయి దొరికింది ఆయనకి. అనూరాధ ఆ సాయంత్రమే బొమ్మలు సీతమ్మధారకి మెయిలు చేసేసింది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఆ వారంలోనే గోదావరి నుంచి మా చుట్టాలు దిగారు. సముద్రం మీద షికారు కావాలన్నారు. ఫిషింగ్ హార్బరు దగ్గర షికారు బోటుకి టిక్కెట్లు తీసుకుంటూ, నువ్వూ రామ్మా అని అనూరాధని ఫోన్ చేసి పిలిచాను. తోడొచ్చిన వాళ్ల నాన్న వింతగా చూసి, "డబ్బులిచ్చి సముద్రమెక్కుతారేటి సార్?" అన్నాడు గానీ వద్దనలేదు. షికారుకి ఆడవాళ్లెక్కడం వాళ్ల లెక్కలో వేట కాదు.

బోటు బయటికి వెళ్లి తిరిగింది. ఊరంతా కనబడింది. మావాళ్లు సెల్ఫీల్లో పడ్డారు. అనూరాధ రెయిలింగు పట్టుకుని కళ్లు చిట్లించి వెతుకుతోంది.

"సార్, ట్యాంకేది?"

నేనూ వెతికాను. అపార్ట్‌మెంట్ల మధ్యలో, ఒక హోటల్ బోర్డు పక్కన, అగ్గిపుల్ల తలంత పసుపు చుక్క. అదిగో అన్నాను. ఆ పిల్ల దాన్నే చూస్తూ ఉండిపోయింది. దిగాక, "అన్నీ తప్పే గీసినాను సార్. నాను సూడకుండా గీసీసినాను," అంది.

మర్నాడు ఆశాజ్యోతి ఫోన్ చేసింది. బొమ్మలు చూశాం, సోమవారం ఒకసారి రా అని. ఇంకెవరైనా అయితే ఎగిరి గంతేసేవాళ్లు. ఈమె ఏమో, వెళ్లి ఆ బొమ్మలు తప్పని చెప్పి వెనక్కి తీసుకుంటానంటుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆవిడేమైనా సముద్రం మీదికెళ్లి టేపు పెట్టి కొలుస్తుందా? నోరు మూసుకుని ఉద్యోగం తీసుకో," అన్నాను.

"అది కాదు సార్. ఇప్పుడు సూసీసినాను కదా. తెలీనప్పుడు అలా వచ్చింది. ఇంక రాదేమో. రేపు ఉద్యోగంలో కూకోబెట్టి గీయమంటే ఏటి గీస్తాను?"

అప్పటికి గానీ నాకు సంగతి అర్థం కాలేదు. తనదంటూ ఒకటి దొరికింది అనుకుంది. అది తెలియనితనం వల్ల వచ్చిందేమో, తెలిశాక పోయిందేమో అని ఆ పిల్ల భయం. బోటు దిగిన దగ్గర్నుంచీ పెన్ను పట్టుకోలేదట. షికారుకి పిలిచింది నేనే కాబట్టి నాకూ భయం పట్టుకుంది. సోమవారం సీతమ్మధారలో ఒక ఫ్లెక్సీ ఇవ్వాల్సి ఉందని అబద్ధం చెప్పి, నా బండి మీదే తీసుకెళ్లాను.

ఆశాజ్యోతి నాకన్నా చిన్నది, మాట నిదానం. నన్ను కూడా కూర్చోమంది. అనూరాధ కూర్చోలేదు. నిలబడే, ఒక్క ఊపిరిలో మొత్తం చెప్పేసింది.

"మేడమ్, ఆ బొమ్మలు తప్పు. నాను ఎప్పుడూ సముద్రం మీదికెళ్లలేదు. మా నాన్నోళ్లు సెప్తే విని గీసినాను. మొన్న ఎళ్లి సూసినాను. ట్యాంకు అంతుండదు, ఇంతే ఉంటాది. మీరు ఆటిని సూసి పిలిచినారేమో, అందుకని సెప్తన్నాను."

నేను తల పట్టుకున్నాను. ఆశాజ్యోతి సొరుగులోంచి తెల్ల కాగితాలూ, ఒక నల్ల పెన్నూ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇప్పుడు చూశావుగా. అయితే చూసింది గీయి."

అనూరాధ కూర్చుంది. నీళ్ల గీత వేసింది. కొండలు వేసింది. అపార్ట్‌మెంట్లు కూడా వేసింది, వరసగా, ఉన్నవి ఉన్నట్టు. వాటి మధ్యలో చిన్న చుక్కలా ట్యాంకు పెట్టింది. బాగానే ఉంది బొమ్మ, ఏ లోటూ లేదు, క్యాలెండరు మీద వేసుకోవచ్చు. అదే నా ఏడుపు. ఆ పిల్ల కూడా దాన్ని చూస్తూ కూర్చుంది. కింద క్లినిక్‌లో పంటి మిషన్ గుయ్యిమంటోంది.

తరవాత ఎవరూ చెప్పకుండానే ఆ కాగితం పక్కకి నెట్టి ఇంకోటి తీసుకుంది. ఈసారి కొండలతో మొదలుపెట్టలేదు. ట్యాంకుతో మొదలుపెట్టింది. కాగితం సగం వచ్చింది అది. దాని కాళ్ల దగ్గర యారాడ కొండ ఒదిగి కూర్చుంది. మిగతాదంతా నీళ్లు. చెయ్యి ఎక్కడా ఆగలేదు, పెన్ను ఎక్కడా తడబడలేదు. మెయిలులో పంపినవాటికన్నా ఇది బాగుంది. బొమ్మల సంగతి తెలియని నాకే తెలిసిపోయింది.

"ఎంత ఉంటుందో తెలుసు కదా. మరి ఇంత పెద్దగా ఎందుకేశావు?" అని అడిగింది ఆశాజ్యోతి.

"నాను షికారుకెళ్లినాను మేడమ్. మా నాన్న వేట నుంచొత్తాడు. ఆయనకి ఇంతే ఉంటాది."

ఆశాజ్యోతి మొదటి కాగితాన్ని మడిచి బుట్టలో పడేసింది. రెండోదాన్ని గోడకి పిన్నుతో గుచ్చింది. గుచ్చి, ఒకటో తారీఖున చేరిపొమ్మంది. జీతం సంగతి నేనడిగాను. అనూరాధ వినిపించుకునే స్థితిలో లేదు.

మెట్లు దిగుతూ మధ్యలో కూర్చుండిపోయింది. ఏడుస్తోందా నవ్వుతోందా తెలియలేదు, రెండూ చేస్తోంది. పళ్ల నొప్పితో పైకి వస్తున్న ఒకావిడ, బుగ్గ పట్టుకునే, "ఎక్కువ నొప్పా అమ్మా?" అని జాలిగా అడిగింది. లేదండీ, తగ్గిపోయింది అన్నాను నేను. నాకూ కళ్లు చెమర్చాయి. బోటు రోజు నుంచి నేను సరిగ్గా అన్నం తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

వాళ్ల నాన్నకి ఫోన్ చేసింది. వేట మళ్లీ మొదలైంది, అప్పుడే ఒడ్డుకొచ్చాడట, స్పీకర్లో కెరటాల చప్పుడు వినబడుతోంది. ఉద్యోగం వచ్చిందని చెప్పింది. ఎల్లాజీ ఉద్యోగం గురించి అడగలేదు.

"ఆల ముందర ఏటి గీసినావే?"

"ట్యాంకే నాన్నా."

"అగుపించిందా?"

"ఆ. పెద్దగా అగుపించింది."

అవతల అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినబడింది.

"అయితే ఇంకేటమ్మా," అన్నాడు. "ఒడ్డుకొచ్చీసినావు."